యంత్రం కలిపిన పిండి, చేత్తో చుట్టిన పూర్ణం రొట్టె

ప్రశ్న: మా ఇంట్లో బ్రెడ్ మెషీన్ ఉంది. రోజువారీ రొట్టె అందులో బాగానే వస్తోంది. పండుగకు అక్రోట్లు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క పూర్ణంగా పెట్టిన తీపి రొట్టె చేయాలని రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి దినుసులన్నీ పిండితోపాటే వేస్తే, కోసి చూసినప్పుడు లోపలంతా బూడిదరంగులో, బరువుగా ఉంది; పూర్ణం జాడే లేదు. రెండోసారి మధ్యలో పిండిని బయటికి తీసి, వెన్న రాసి, పూర్ణం చల్లి, చుట్టి మళ్ళీ పాత్రలో పెట్టాను. పైభాగం కుంగిపోయింది, పూర్ణానికీ పిండికీ నడుమ వేలు పట్టేంత ఖాళీ వచ్చింది, మధ్యలో పచ్చిగా మిగిలింది. మొత్తం పని మెషీన్‌లోనే చేయడం సాధ్యమా, ఓవెన్ వాడక తప్పదా? రాత్రి టైమర్ పెట్టి, తెల్లవారేసరికి రొట్టె సిద్ధమయ్యేలా చేయవచ్చా?

సమాధానం: పిండి కలపడం, దాన్ని మొదటిసారి పొంగించడం మీ మెషీన్‌కు నిశ్చింతగా అప్పగించవచ్చు. పూర్ణం పరిచి చుట్టడం మాత్రం చేత్తోనే జరగాలి. కాల్చడానికి ఓవెన్ ఉంటే అదే మేలు. లేకపోతే మెషీన్‌లోనే కాల్చవచ్చు, కాని అప్పుడు పరిమాణం తగ్గించుకోవాలి, మెషీన్ తన లెక్క ప్రకారం నడిపే సమయాలను పక్కన పెట్టి మీరే పిండిని చూసి నిర్ణయించుకోవాలి. మీ రెండు ప్రయత్నాల్లో జరిగిన పొరపాట్లు ఒకదానికొకటి సంబంధం లేనివి కాబట్టి వాటిని విడివిడిగా చెబుతాను.

మొదటిసారి వచ్చిన బూడిదరంగుకు కారణం అక్రోటు పలుకు మీద ఉండే పల్చటి పొట్టు. ఆ పొట్టులోని వగరు పదార్థాలు, మెషీన్ రెక్క పలుకులను నలగ్గొట్టినప్పుడు పిండిలోకి దిగి రంగు మారుస్తాయి. దాంతోపాటు పలుకుల్లోని నూనె బయటికి వచ్చి, పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తుల పోగులకు పూతలా పట్టుకుంటుంది కాబట్టి ఆ పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా అల్లుకోలేవు. ఎండుద్రాక్ష చిదికి తన తీపిని వదులుతుంది. దాల్చినచెక్క పొడికి ఈస్ట్ చురుకును తగ్గించే గుణం ఉంది కాబట్టి అది పిండి అంతటా కలిసినప్పుడు పొంగు మందగిస్తుంది. కలపడం చివర్లో గింజలు, పండ్లు వేయమని మెషీన్ చప్పుడు చేసి గుర్తుచేసే సదుపాయం ఉంటుంది. అప్పుడు వేస్తే పలుకులు ఇంతగా నలగవు, కాని వచ్చేది పలుకులు చెదిరిన రొట్టె మాత్రమే. కోసిన ముక్కలో చుట్లు చుట్లుగా కనిపించే పూర్ణం రొట్టె కావాలంటే పిండినీ పూర్ణాన్నీ చివరిదాకా వేరుగానే ఉంచాలి.

అయినా మెషీన్‌ను వదిలేయమని నేను చెప్పను. వెన్న, గుడ్లు, చక్కెర ఎక్కువగా ఉన్న పిండిని చేత్తో పిసకడం అలవాటు లేనివారికి నిజంగా కష్టం. అది చేతికి అంటుకుంటుంది, అంటుకుంటోందని పొడిపిండి చల్లుతాం, రొట్టె గట్టిపడుతుంది. మెషీన్‌కు ఆ తొందర లేదు. ఇంటి బ్రెడ్ మెషీన్లు 1980ల రెండో సగంలో జపాన్‌లో మొదలయ్యాయి. మాత్సుషిత సంస్థ 1987లో మార్కెట్లోకి తెచ్చిన యంత్రం మొదటి నమూనాల్లో పిండి సరిగ్గా కలవకపోతే, ఆ బృందంలోని సాఫ్ట్‌వేర్ నిపుణురాలు ఇకుకో తనాకా ఒసాకాలోని ఒక హోటల్ ప్రధాన రొట్టెల నిపుణుడి దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూనే మెలితిప్పుతున్నారని గమనించారు. ఆ మెలికను యంత్రంలోకి తేవడానికి పాత్ర లోపలి గోడలకు గట్లు పెట్టారు. మీ మెషీన్ పాత్రలోనూ అలాంటి గట్లు ఉంటే వాటి పని అదే: రెక్క తిప్పుతున్న పిండిని ఒకవైపు పట్టి ఆపి, సాగేలా చేయడం. వెన్న పిండికి కావలసినది సరిగ్గా అటువంటి ఓపికగల సాగతీతే.

ఇక కొలతలు. వీటిని కప్పులతో కాకుండా త్రాసుతో తూచుకోమని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే ఒక్క కప్పు పిండి వదులుగా నింపితే 120 గ్రాములు, కుదించి నింపితే 150 గ్రాములు తూగుతుంది. ఆ తేడా ఒక్కటే మెత్తని పిండిని రాయిలా మార్చడానికి చాలు. 500 గ్రాముల పిండి తీసుకోండి. బ్రెడ్ కోసం అమ్మే గట్టి గోధుమ పిండి దొరికితే మంచిది, లేకుంటే మాంసకృత్తులు 11 శాతం పైన ఉన్న మైదా సరిపోతుంది. దానికి 75 గ్రాముల చక్కెర, 75 గ్రాముల వెన్న, 8 గ్రాముల ఉప్పు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు గుడ్లు, 190 నుంచి 200 మిల్లీలీటర్ల పాలు అవసరం. పెంకు తీసిన పెద్ద గుడ్డు దాదాపు 50 గ్రాములు ఉంటుంది కాబట్టి పాలు, గుడ్లు కలిసి పిండి బరువులో అరవై శాతానికి దగ్గరగా వస్తాయి. గుడ్లు వాడనివారు వాటికి బదులుగా మరో 80 మిల్లీలీటర్ల పాలు పోసుకోవచ్చు. రంగు, గుల్లతనం కొంత తగ్గుతాయి, రుచికి లోటుండదు.

తియ్యగా ఉండాలని చక్కెరను పిండిలోనే పెంచాలనిపిస్తుంది. అలా చేయకండి. చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది కాబట్టి, పిండి బరువులో పది శాతం దాటిన దగ్గర నుంచి ఈస్ట్‌కు అందే నీరు తగ్గి పొంగడం నెమ్మదిస్తుంది. పదిహేను శాతం దగ్గర సాధారణ ఇన్‌స్టంట్ ఈస్ట్ నెమ్మదిగానైనా పనిచేస్తుంది. అంతకుమించితే తీపి పిండి కోసమే తయారయ్యే ప్రత్యేక ఈస్ట్ కావాలి. తీపిని పూర్ణంలో ఉంచండి, అక్కడ అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

పాత్రలో ముందుగా పాలు, గిలకొట్టిన గుడ్లు, చక్కెర, ఉప్పు వేసి, వాటిపై పిండిని కప్పి, పిండి మధ్యలో చిన్న గుంట చేసి అందులో ఈస్ట్ పోయండి. మీ మెషీన్ పుస్తకం ఈ వరుసను తిరగేసి చెబితే దానినే పాటించండి. వెన్న మాత్రం ఇప్పుడే వేయవద్దు. పిండి మాత్రమే కలిపే ప్రోగ్రామ్ నొక్కి, ఐదు నిమిషాల తర్వాత మూత తీసి చూడండి. పిండి ఒకే ముద్దగా తిరుగుతూ, అడుగున కాస్త అంటుకుని విడిపోతూ ఉండాలి. ముద్ద గట్టిగా పాత్ర గోడలకు కొట్టుకుంటుంటే ఒక చెంచా పాలు, జారుతుంటే ఒక చెంచా పిండి వేసి మరో రెండు నిమిషాలు ఆగాలి. మూత తీస్తే ఏదో పాడవుతుందన్న భయం చాలామందికి ఉంటుంది; కలిపే సమయంలో ఎన్నిసార్లు తీసినా నష్టం లేదు.

పది నిమిషాలు తిరిగాక మెత్తబడిన వెన్నను చిన్న ముక్కలుగా ఒక్కొక్కటే వేయండి. వెంటనే పిండి జారుడుగా మారి, ముద్ద చెదిరి, అంతా చెడిపోయినట్టు కనిపిస్తుంది. ఇది చూసి గాభరాపడి పొడిపిండి వేసేవారిని చాలామందిని చూశాను. మొదట్లో నేనూ వేశాను. రెండు మూడు నిమిషాలు ఆగితే వెన్న లోపలికి కలిసి, పిండి మునుపటికన్నా నున్నగా, మెరుస్తూ మళ్ళీ ఒక్కటవుతుంది. కలపడం ముగిసే ముందు నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతులతో నెమ్మదిగా సాగదీయండి: తెగకుండా, వెనక వెలుతురు కనిపించేంత పల్చగా సాగితే సిద్ధమైనట్టే. అలా సాగకపోతే ప్రోగ్రామ్‌ను ఆపి మళ్ళీ మొదటి నుంచి నొక్కి, మరో ఎనిమిది పది నిమిషాలు పిసకనివ్వండి. వెన్న ఉన్న పిండికి మామూలు రొట్టె పిండికన్నా ఎక్కువసేపు పిసకడం అవసరమని చాలా ప్రోగ్రామ్‌లలో లెక్కలోకి తీసుకోరు.

ఒక జాగ్రత్త ఉంది. రెక్క తిరిగేకొద్దీ రాపిడి వల్ల పిండి వేడెక్కుతుంది. పిండి వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగుంటుంది. 30 దాటితే వెన్న కరిగి పైకి జిడ్డులా తేలడం మొదలవుతుంది. కాబట్టి గది వేడిగా ఉన్నప్పుడు పాలను, గుడ్లను ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వాడండి. చలిగా ఉన్నప్పుడు గోరువెచ్చగా చేసుకోండి. తర్వాత మెషీన్ మూత మూసి పిండి రెట్టింపు అయ్యేదాకా ఉంచండి. ప్రోగ్రామ్ గంటలో ముగిసినట్టు చప్పుడు చేసినా పిండి ఇంకా పొంగకపోతే తీయవద్దు, మరో అరగంట అక్కడే కూర్చోనివ్వండి. మెషీన్ లెక్కపెట్టేది నిమిషాలను మాత్రమే, పిండి ఎంత ఎత్తు లేచిందో దానికి తెలియదు. మీ రెండోసారి వైఫల్యంలో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

ఆ ఖాళీ ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే పూర్ణం రొట్టె చేసేవారిని అన్నిటికన్నా బాధపెట్టే లోపం ఇదే. పొయ్యిలో వేడెక్కినప్పుడు పూర్ణంలోని నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరిగా మారితే దాని ఘనపరిమాణం పదహారు వందల రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఆవిరి బయటపడే దారి వెతుక్కుంటుంది. పిండి పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉండగా, పూర్ణానికీ పిండికీ మధ్య అతుకు బలహీనంగా ఉంటుంది కాబట్టి అక్కడే విడదీసుకుంటుంది. పైగా పిండి కాలుతూ ఉబ్బుతుంది, పూర్ణం ఉబ్బదు. పిండి పైకి లేస్తే బరువైన పూర్ణం కిందనే ఉండిపోతుంది. అందుకే ఖాళీ ఎప్పుడూ పూర్ణానికి పైవైపే వస్తుంది. ఇవి రెండూ సహజంగా జరిగేవి. మీరు పిండిపై వెన్న రాయడం మూడోది: జిడ్డు రాసిన చోట పూర్ణం పట్టుకోదు. దానిపై చక్కెర చల్లితే, అది నీరు పీల్చుకుని పాకంలా కరిగి, పొరల నడుమ మరింత జారుడు చేస్తుంది.

కాబట్టి వెన్నకు బదులుగా గుడ్డులోని తెల్లసొనను కాస్త గిలకొట్టి పిండిపై పల్చగా పూయండి. అది వేడికి గట్టిపడి రెంటినీ అతికిస్తుంది. పూర్ణాన్ని చల్లకుండా ముద్దగా చేసి పరచండి. 200 గ్రాముల అక్రోటు పలుకులను 160 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు, లేదా సన్నని మంటపై బాణలిలో సువాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక 70 గ్రాముల చక్కెరలో కొంత కలిపి పొడి చేయండి. చక్కెర తోడుంటే పలుకులు నూనె వదిలి ముద్దకట్టవు. మిక్సీని ఆపి ఆపి తిప్పడం కూడా అందుకే. మిగిలిన చక్కెర, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు, 25 గ్రాముల వెన్నను 60 మిల్లీలీటర్ల వేడిపాలలో కరిగించి ఆ పొడిపై పోసి కలపండి. చల్లారాక ఒక తెల్లసొన, రెండు పెద్ద చెంచాల ఎండు బ్రెడ్ పొడి చేర్చండి. ఈ బ్రెడ్ పొడిని చాలామంది అనవసరం అనుకుని వదిలేస్తారు; నా దృష్టిలో ఈ పూర్ణంలో దానిని మించిన దినుసు లేదు, ఎందుకంటే కాలేటప్పుడు విడుదలయ్యే తేమను ముందుగా పీల్చుకునేది అదే. పూర్ణం చెంచా నుంచి కారకూడదు, అలాగని పొడిపొడిగా రాలకూడదు. కత్తి వెనకవైపుతో రాస్తే వెన్నలా పరుచుకోవాలి. 60 గ్రాముల ఎండుద్రాక్షను పావుగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టి, వడకట్టి, శుభ్రమైన గుడ్డలో అద్ది తడి తీసి, పూర్ణం పరిచాక పైన చల్లండి. నానబెట్టకపోతే అవి చుట్టుపక్కల పిండిలోని తేమను లాగేస్తాయి. తడి తీయకపోతే మళ్ళీ ఆవిరి సమస్య.

గసగసాలు, ఖర్జూరం, చాక్లెట్ వాడినా ఇదే పద్ధతి. గసగసాలను తప్పనిసరిగా నూరాలి, నూరనివి నీటిని పట్టుకోవు. ఖర్జూరం ముద్దకు వేరే చక్కెర వద్దు.

చుట్టేటప్పుడు పిండిని రెండు సమ భాగాలు చేయండి. ఒక్కొక్కటి 21 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రొట్టె అచ్చుకు సరిపోతుంది. పీటపై చాలా కొద్దిగా పొడిపిండి చల్లి, అప్పడాల కర్రతో 20 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా ఒత్తండి. పిండి వెనక్కి ముడుచుకుపోతుంటే బలవంతం చేయకుండా గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేస్తే తానే లొంగుతుంది. నాలుగు అంచుల్లోనూ రెండు సెంటీమీటర్లు వదిలి, పూర్ణంలో సగాన్ని మూడు మిల్లీమీటర్ల మందంలో అంతటా సమంగా పరచండి. వెడల్పు తక్కువగా ఉన్న వైపు నుంచి చుట్టడం మొదలుపెడితే ఎక్కువ చుట్లు వస్తాయి. చుట్లు పెరిగేకొద్దీ ఒక్కో పూర్ణం పొర బరువు తగ్గి, పైన చెప్పిన ఖాళీకి అవకాశం తగ్గుతుంది. ప్రతి చుట్టుకూ కాస్త వెనక్కి లాగి బిగించండి, కాని పిండి ఉబ్బడానికి చోటు లేనంత బిగువు వద్దు. చివరి అంచును తడి చేత్తో అతికించి, రెండు పక్కలనూ లోపలికి నొక్కి మూసి, అతుకు కిందికి వచ్చేలా నూనె రాసిన అచ్చులో పెట్టండి.

ఈ దశలో సన్నని పుల్లతో, లేదా పొడవైన సూదితో, రొట్టె పైనుంచి అడుగు తగిలేదాకా పది పన్నెండు చోట్ల గుచ్చండి. స్లొవేనియాలో పండుగలకు చేసే అక్రోటు చుట్టు రొట్టె పొతిత్సాను కాల్చేముందు ఇలాగే గుచ్చుతారు. చుట్టేటప్పుడు ఇరుక్కున్న గాలి వెళ్లిపోతుంది, తర్వాత పుట్టే ఆవిరికి దారి ఏర్పడుతుంది. పోలండ్‌లో గసగసాల పూర్ణంతో చేసే మకోవియెత్స్ చుట్టను అచ్చులో పెట్టకుండా బేకింగ్ కాగితంలో, కొంచెం వదులు ఉంచి చుట్టి కాల్చే పద్ధతి ఉంది. పిండి పక్కలకు విచ్చిపోకుండా కాగితం ఆపుతుంది. మీ దగ్గర తగిన అచ్చు లేకపోతే ఆ పద్ధతిని అనుసరించవచ్చు.

రెండోసారి పొంగడానికి నలభై ఐదు నిమిషాల నుంచి గంట పడుతుంది. మామూలు రొట్టెలా రెట్టింపయ్యేదాకా ఆగవద్దు. ఒకటిన్నర రెట్లు అయితే చాలు. వేలితో నెమ్మదిగా నొక్కితే గుంట తీరిగ్గా, సగం వరకు పూడాలి. వెంటనే పూడితే ఇంకా సమయం ఉంది, అసలు పూడకపోతే మించిపోయింది. మించిపోయిన పిండి పూర్ణం బరువును మోయలేక కాలుతుండగానే మధ్యలో దిగిపోతుంది. మీ రొట్టె కుంగడానికి ఇది ఒక కారణమనీ, మధ్యభాగం ఉడకకపోవడం రెండో కారణమనీ నేను అనుకుంటున్నాను.

ఓవెన్‌ను 175 డిగ్రీలకు, ఫ్యాన్ ఉన్నదైతే 160 డిగ్రీలకు ముందే వేడిచేసి, పైన గుడ్డు లేదా పాలు పూసి, కింది అరలో 40 నుంచి 45 నిమిషాలు కాల్చండి. చక్కెర, పాలు, గుడ్డు కలిసిన పిండి లోపల ఉడకకముందే పైన రంగు తిరిగిపోతుంది కాబట్టి ఇరవై నిమిషాల తర్వాత చూసి, చాలినంత రంగు వచ్చి ఉంటే పైన రేకు కాగితం వదులుగా కప్పండి. రంగును చూసి దించితే పూర్ణం రొట్టె ప్రతిసారీ మోసం చేస్తుంది. చిన్న వంటింటి థర్మామీటర్ కొనుక్కోవడం దీనికి సరైన ఉపాయం. రొట్టె మధ్యలో 90 డిగ్రీలు దాటితే దించవచ్చు. సూది మొన పూర్ణంలో కాకుండా పిండి చుట్టులో ఉండేలా రెండు చోట్ల చూడండి.

ఓవెన్ లేకుండా మెషీన్‌లోనే చేయదలిస్తే, ముందుగా పరిమాణాన్ని తగ్గించండి. 300 గ్రాముల పిండి, 45 గ్రాముల చొప్పున చక్కెర, వెన్న, ఒక గుడ్డు, 120 మిల్లీలీటర్ల పాలు, 5 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఈస్ట్ సరిపోతాయి; పూర్ణం 180 గ్రాములు మించకూడదు. మెషీన్‌లో వేడి తీగ పాత్ర చుట్టూ కిందివైపు ఉంటుంది, మూత వైపు వేడి బలహీనం. అందువల్ల పాత్ర నిండా ఉన్న బరువైన రొట్టె పక్కలు ముదురుతాయి, నడుమ పచ్చిగా మిగులుతుంది. మీకు జరిగింది అదే.

మీరు బహుశా పూర్తి ప్రోగ్రామ్ నడుస్తుండగా మధ్యలో పిండిని తీసి ఉంటారు. దానికన్నా రెండు ప్రోగ్రామ్‌లను వేరుగా వాడటం మంచిది: మొదట పిండి కలిపే ప్రోగ్రామ్, ఆ తర్వాత కాల్చడానికి మాత్రమే ఉన్న ప్రోగ్రామ్. పిండి పొంగాక బయటికి తీసి, రెక్కను కూడా ఊడదీసి కడిగి పక్కన పెట్టండి. అది లోపల ఉంటే మీరు శ్రద్ధగా చుట్టిన చుట్టలను కింది నుంచి చీలుస్తుంది. పాత్ర పొడవుకు సరిపడా వెడల్పుతో ఒత్తి చుట్టి, అతుకు కిందికి వచ్చేలా పాత్రలో పెట్టి, గుచ్చి, మెషీన్ ఆపి ఉంచి మూత మూయండి. మిగిలిన వెచ్చదనం చాలు. ఒకటిన్నర రెట్లు పొంగాక, పైపొర రంగును లేతగా ఎంచుకునే వీలుంటే అది ఎంచుకుని, కాల్చడం మొదలుపెట్టి నలభై నిమిషాల తర్వాత థర్మామీటర్‌తో చూడండి. సాధారణంగా మరో పది పదిహేను నిమిషాలు అవసరమవుతాయి. పైభాగం లేతగానే ఉంటుంది; పొద్దున్నే అతిథుల ముందు పెట్టేదైతే దించగానే వెన్న రాసి చక్కెర పొడి చల్లితే అది లోపంగా కనిపించదు.

కాల్చడానికే ప్రత్యేక ప్రోగ్రామ్ లేని మెషీన్ అయితే, తీపి రొట్టె ప్రోగ్రామ్‌లో చివరిసారి రెక్క తిరిగి పిండిని అణచిన వెంటనే తీయాలి. ఆ క్షణం ఎప్పుడో మెషీన్‌తో వచ్చిన పుస్తకంలోని సమయాల పట్టికలో ఉంటుంది. తెరమీద మిగిలి ఉన్న సమయంతో దాన్ని పోల్చి చూసుకోండి. పూర్ణం, తెల్లసొన, ఒత్తే పీట అన్నీ ముందే సిద్ధంగా ఉంచుకుని పది నిమిషాల్లో పని ముగించాలి.

ఎక్కడ కాల్చినా, పది నిమిషాల తర్వాత పాత్రలోంచి తీసి జాలీపై పెట్టండి, లేకపోతే పక్కలు చెమ్మగిల్లి ముడతలు పడతాయి. ఆ తర్వాత కనీసం రెండు గంటలు కోయవద్దు. వేడి రొట్టెలో పిండిపదార్థం ఇంకా గట్టిపడి ఉండదు. అప్పుడే కోస్తే కత్తికి పూర్ణం అంటుకుని, చుట్లు నలిగి, బాగా కాలిన రొట్టె కూడా పచ్చిగా కనిపిస్తుంది. ఇంట్లో అంతా ఆ వాసనకు చుట్టూ చేరి ఉన్నప్పుడు ఆగమనడం కష్టమే, అయినా ఆగండి.

చివరిగా టైమర్ సంగతి. ఈ రొట్టెకు దాన్ని వాడవద్దు. పాలు, గుడ్లు రాత్రంతా గది వేడిలో ఉండటం ఆరోగ్యానికి మంచిది కాదు. అదీగాక మధ్యలో చుట్టడానికి మీరు లేవక తప్పదు. దానికి బదులుగా ముందురోజు సాయంత్రం మెషీన్‌లో పిండి కలిపి, అరగంట పొంగాక, మూత ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పెట్టండి. చల్లదనానికి వెన్న గట్టిపడి పిండి పీటకు అంటుకోకుండా పల్చగా ఒత్తుకుంటుంది, నెమ్మదిగా పులిసినందువల్ల రుచి కూడా పెరుగుతుంది. ఉదయం చుట్టాక మాత్రం రెండోసారి పొంగడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుందని లెక్కవేసుకోండి. పండుగ ఉదయం అంత వ్యవధి దొరకదనుకుంటే ముందురోజే కాల్చి, పూర్తిగా చల్లారాక గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. అక్రోటు పూర్ణం తేమ రాత్రికి రాత్రి పిండి పొరల్లోకి ఇంకి, మర్నాటికి ముక్క మరింత శుభ్రంగా తెగుతుంది. కాల్చిన రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చల్లదనంలో అది త్వరగా బిరుసెక్కుతుంది. రెండు మూడు రోజులకు మించి ఉంచాలంటే ముక్కలు కోసి, గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్‌లో దాచి, కావలసినన్ని తీసి వేడిచేసుకోండి.